తేలుదిబ్బ వేసిన మార్కులు

నమోదు 1 — జూన్ 3

పదకొండేళ్ళుగా నాకు ఐదుకి రెండు, మహా అయితే రెండుంబావు మార్కులకి మించి రాలేదు. ఆ సంగతి నాకు తెలియనట్టు సోపానం ఈ పొద్దున మళ్ళీ చదివి వినిపించింది.

సోపానం అంటే మా ప్రపంచ జలసహకార సంస్థ ప్రతి ఉద్యోగి చెవిలోనూ పెట్టిన సలహాదారు. ఉద్యోగంలో మన ఎదుగుదల సంగతులన్నీ అదే చూస్తుంది. దానికి తెలుగు నేర్పినవాళ్ళు రెండు వందల ఏళ్ళ నాటి పుస్తకాలు మాత్రమే చదివించినట్టున్నారు. "ఓబులేశ్వరీ, తమరు మూడవ శ్రేణియందు పదునొకండు వత్సరములు గడిపియున్నారు. పండ్రెండవ వత్సరాంతమునకు శ్రేణి మారనిచో తమరి కొలువు ముగియును. శుభోదయము" అంది. అప్పుడు నేను ముప్ఫై ఏడో చట్రం నీళ్ళు నోట్లో పోసుకుని ఉప్పు చూస్తున్నాను. ఉమ్మాల్సిన నీళ్ళు మింగేశాను.

నా రోజు అట్లాగే మొదలవుతుంది. మడగదిలో అరవై నాలుగు చట్రాలున్నాయి. ఒక్కో చట్రానికి మడచెట్ల వేళ్ళ నుంచి పెంచిన పొర ఒకటి. సముద్రపు నీళ్ళు పైన పారితే కింద మంచినీళ్ళు బొట్లుబొట్లుగా రాలతాయి. పొరలకి ప్రాణం ఉంది కాబట్టి పొద్దున్నే బురదతేట పోయాలి, ఎండ ముదిరితే నీడ లాగాలి, అలిగితే దీపాలు పెట్టి బుజ్జగించాలి. వాటి జబ్బు మీటర్ల కంటే ముందు నా నాలుకకి తెలుస్తుంది.

ఆ నీళ్ళు తాగేది తేలుదిబ్బ. గోదావరి పాయలు కలిసేచోట మునిగిపోయిన ఊళ్ళవాళ్ళు పీపాల మీద కట్టుకున్న రెండు వందల పన్నెండు ఇళ్ళ తేలే ఊరు. ఆటుకి నీళ్ళు బాగా తగ్గినప్పుడు పాత సెల్ టవరు కొస ఒకటి బయటికొస్తుంది, దానికి పీతబోనులు కడతారు. మా ప్రధాన కార్యాలయం నైరోబీలో ఉంది. అక్కడి అనువాద యంత్రం ఈ ఊరి పేరుని తేళ్ళు ఉండే దిబ్బ అని అర్థం చేసుకుని ఏటా ఒక పెట్టెడు తేలు మందు పంపుతుంది. ఇక్కడ తేలుని చూసినవాళ్ళే లేరు.

మా సంస్థలో పైఅధికారులు మార్కులు వేసే పద్ధతి ఎప్పుడో పోయింది. నీళ్ళు తాగే ఊరే వేస్తుంది. నవంబరు రెండో వారంలో కుళాయి కింద బిందె పెట్టి మూత మీద వేలు ఆనిస్తే ఐదు బొత్తాలు వెలుగుతాయి, ఏదో ఒకటి నొక్కితేనే నీళ్ళొస్తాయి. సగటు నాలుగు దాటితే పై శ్రేణి. మార్కుల ఊసు ఉద్యోగి ఊరివాళ్ళ దగ్గర ఎత్తితే ఆ పూటే ఇంటికి.

ఆఖరి ఏడాదిలో ఉన్నవాళ్ళు ఈ దినచర్య రాసి పంపాలట. ఎవరూ చదవరు, సోపానం మాటలు లెక్కపెట్టుకుంటుందంతే. అందుకని ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. నాకు నలభై మూడేళ్ళు. అనంతపురం జిల్లాలో ట్యాంకరు వచ్చే రోజు కోసం బిందెలు వరసలో పెట్టి బడి మానేసిన పిల్లని. ఎక్కడ నీళ్ళు లేకపోతే అక్కడికి పోవాలని ఈ ఉద్యోగంలో చేరాను. ఒక్క ఊరి దగ్గరే ఆగిపోయాను. నాతో చేరినవాళ్ళు ఏడో శ్రేణిలో ఉన్నారు, వాళ్ళ గదులకి కిటికీలు కూడా ఉన్నాయట.

నమోదు 4 — జూన్ 21

సోపానం సలహా మీద రెండు కోర్సులు పూర్తిచేశాను. మొదటిది నాయకత్వ శ్వాస. మాట్లాడే ముందు నాలుగు అంకెలు లెక్కపెట్టి గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెట్టి వదలాలి. ఊరి కమిటీ పెద్ద ఓలేటి సింహాద్రమ్మ పెద్దమ్మ ముందు చేసి చూశాను. ఆమె నా వీపు మీద రెండు దెబ్బలు చరిచి, గొంతులో ముల్లు దిగిందేమోనని అన్నం ముద్ద పెట్టించింది.

రెండో కోర్సు పేరు కఠిన సంభాషణలు. అది ఉపయోగపడింది. మార్కుల మాట ఎత్తకుండా, నా పనిలో లోటు ఏముందో చెప్పమని ఆమెని సూటిగా అడిగాను. సింహాద్రమ్మ వల అల్లుతూనే ఉంది. లోటేమీ లేదంది. నీళ్ళు కొబ్బరినీళ్ళలా ఉన్నాయంది. తేలుదిబ్బలో ఇద్దరు పిల్లలకి నా పేరు పెట్టిన సంగతి గుర్తుచేసింది. నేను లేచి వస్తుంటే ఒక పండుగప్ప చేపని ఆకులో చుట్టి చేతిలో పెట్టింది.

చేప పులుసు పెట్టుకుని తిన్నాను గానీ నాకేమీ బోధపడలేదు. లోటు లేని మనిషికి రెండు మార్కులు ఎందుకు?

నమోదు 7 — జూలై 8

మూడేళ్ళకోసారి ఈ రోజుల్లో కుళాయి మూతలు మారుస్తాం. పెమ్మాడి ధనకొండ తోడు వచ్చింది. ఊళ్ళో పడవల మోటార్లన్నీ బాగుచేసేది ఆమే. ముప్ఫై మూడేళ్ళుంటాయి, మాట కరుకు, చెయ్యి మెత్తన. తీసిన మూతలన్నీ చాప మీద వరసగా పరిచింది. చూద్దును గదా, ప్రతి మూత మీదా రెండో బొత్తాం పూర్తిగా అరిగిపోయి గుంట పడింది. మిగతా నాలుగూ కొత్తవాటిలా మెరుస్తున్నాయి. ఇన్నేళ్ళూ తీసినవి తీసినట్టు సంచిలో వేసి పంపేశానే తప్ప ఎప్పుడూ పక్కపక్కన పెట్టి చూడలేదు.

దీని గురించి అడగవచ్చా అని సోపానాన్ని గొణుగుతూ అడిగాను. "యంత్రభాగ విచారణ నిషిద్ధము కాదు" అంది.

"ధనకొండా, ఈ ఒక్క బొత్తామే ఎట్ల అరిగింది?" అన్నాను.

ధనకొండ స్క్రూడ్రైవరు తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది. తర్వాత సముద్రం వైపు తిరిగి చెప్పింది.

"ఎక్కువేత్తే తమర్ని పట్టుకుపోతారండి. ఒకటేత్తే తీసేత్తారు. రెండైతే ఇక్కడే ఉంచుతారు. సింహాద్రమ్మత్త లెక్క కట్టి సెప్పిందండి."

తర్వాతి మాటలన్నీ ముక్కలు ముక్కలుగా వచ్చాయి. నాకు ముందు ఇక్కడ లూసియా అని ఒకామె ఉండేదట. బాగా చేసిందని ఊరంతా ఐదు నొక్కారు. రెండేళ్ళు తిరక్కుండా ఆమెని పై శ్రేణికి తీసుకుపోయారు. ఆమె చోట వచ్చినాయన నెల్లాళ్ళలో పొరలన్నీ చంపేశాడు. నలభై రోజులు టార్పాలిన్ల మీద పడ్డ వాననీళ్ళు తాగారు. విరేచనాలు పట్టుకుని నలుగురు పోయారు. అందులో ఒకరు సింహాద్రమ్మ తోడికోడలు. తర్వాత నేను వచ్చాను. నీళ్ళు నిలబడ్డాయి. ఇంకో లూసియాని పోగొట్టుకోకూడదని కమిటీ కూర్చుని తీర్మానించింది. చదువు రానివాళ్ళకి రెండో బొత్తాం ఏదో తెలియడానికి ముందురోజు పిల్లలు ఇంటింటికీ వెళ్ళి రెండు వేళ్ళు చూపిస్తారట.

ఆ పిల్లల్ని నేను చూశాను. పదకొండేళ్ళ పాటు చూశాను. ఏదో ఆట అనుకుని నేనూ రెండు వేళ్ళు చూపించేదాన్ని.

నమోదు 8 — జూలై 9

నిన్న నవ్వాను. ఈ రోజు కోపం వచ్చింది.

మొదటి ఏడాది మార్కులు చూసి నేను ఏడ్చిన సంగతి వీళ్ళకి తెలుసా? మూడో ఏడు నా నాలుక మీద నాకే నమ్మకం పోయి డాక్టరుకి చూపించుకున్నాను. ఐదో ఏడు సోపానం నన్ను ఆత్మవిశ్వాస లోప నివారణ కోర్సులో పడేసింది. అద్దం ముందు నిలబడి నన్ను నేనే మెచ్చుకోవాలి, తొంభై రోజులు. ఇంత ప్రేమ ఉన్నవాళ్ళు నన్ను ఒక్కమాట అడగకుండా నా పదకొండేళ్ళూ తీసుకున్నారు.

పైగా వాళ్ళ లెక్కలో తప్పుంది. రెండు మార్కులతో నేను ఇక్కడే ఉంటాననుకుంటున్నారు. పన్నెండేళ్ళ నిబంధన వాళ్ళకి తెలియదు. నన్ను దాచుకోవడానికి నొక్కుతున్న బొత్తామే నవంబరులో నన్ను పంపించేస్తుంది. ఆ సంగతి చెప్పడానికి వీల్లేనిది ఊరంతటిలోకీ నేనొక్కదాన్నే.

పొరలకి బురదతేట పోశాను. కోపంలో రెండో వరసకి రెండుసార్లు పోశాను. మధ్యాహ్నానికి అవి ఉబ్బి కూర్చున్నాయి.

నమోదు 10 — జూలై 16

మా ప్రాంతీయాధికారి అకిన్యితో నెలవారీ మాట ఈ పొద్దున. ఆమె నైరోబీలో ఉంటుంది, ఆమె మాటల్ని సోపానం నా చెవిలో తెలుగు చేస్తుంది. జరిగిందంతా చెప్పాను.

చెవిలో కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత సోపానం, "అకిన్యి మహోదయ నవ్వుచున్నారు" అంది. కొంచెం ఆగి, "ఇంకను నవ్వుచున్నారు" అంది.

నవ్వడం అయ్యాక ఆమె చేయగలిగిందేమీ లేదని చెప్పింది. ఏ కారణంతో వేసినా మార్కులు మార్కులే. ఊరి నిర్ణయాన్ని నైరోబీ దిద్దడం మొదలుపెడితే పాత పద్ధతికీ దీనికీ తేడా ఏముందంది. అది నేనూ ఒప్పుకున్నాను. తర్వాత ఆమె ఒక మాట అడిగింది. సోపానం దాన్ని ఎంత గ్రాంథికంగా చెప్పినా సూటిగానే తగిలింది. నేను పోతే నీళ్ళు పోతాయని ఊరు ఇంతగా భయపడుతోందంటే, ఈ పదకొండేళ్ళలో నేను ఎవరికి ఏం నేర్పాను అని.

జవాబు చెప్పడానికి నోరు తెరిచాను. నాయకత్వ శ్వాస తప్ప ఏమీ రాలేదు.

నిజం రాస్తాను. మడగది తాళం నా మొలకే ఉంటుంది. ధనకొండ మూడేళ్ళ కిందట లోపలికి వచ్చి చూస్తానని అడిగింది. పొరలకి కొత్త మనిషి వాసన పడదని చెప్పాను. అది అబద్ధం. ఒక ఊరు ఊరంతా నా నాలుక మీద బతుకుతోందంటే నాకు బాగుండేది. దాన్ని సేవ అనుకున్నాను.

నమోదు 11 — జూలై 20

తాళానికి రెండో చెవి చేయించి ధనకొండకి ఇచ్చాను. వారసుల శిక్షణ మొదలుపెడుతున్నానని నమోదు చెయ్యమంటే సోపానం ఒప్పుకోలేదు. అది ఐదవ శ్రేణివారి నైపుణ్యమట. మూడవ శ్రేణివారు చేస్తే దానికి గుర్తింపు ఉండదట. గుర్తింపు లేకపోయినా ఫరవాలేదు, చేస్తానన్నాను. "తమరి ఇష్టము" అంది. యంత్రానికి నొచ్చుకోవడం కూడా వచ్చని నాకు అప్పుడే తెలిసింది.

ధనకొండ లోపలికి వచ్చి చుట్టూ చూసింది. మూడేళ్ళ కిందటి నా మాట గుర్తుంచుకున్నట్టుంది, పొరల ముందు నిలబడి తన చీరచెంగు వాటి వైపు రెండుసార్లు విసిరి, "పడిందాండి నా వాసన?" అంది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

నమోదు 17 — ఆగస్టు 30

ధనకొండ నెలన్నరలో నేర్చుకున్నది నాకు రెండేళ్ళు పట్టింది. నాలుక మీద ఉప్పు పట్టడం మాత్రం ఆలస్యమైంది, ఆమెకి పొగాకు అలవాటుంది. మానేయమని నేను చెప్పలేదు. పదో రోజున ఆమే పొగాకు సంచి తీసుకెళ్ళి సింహాద్రమ్మకి ఇచ్చేసింది.

అసలు తంటా అక్కడ మొదలైంది. ధనకొండ పొగాకు మానేంత పని ఏమొచ్చిందని సింహాద్రమ్మ ఆరా తీసింది. ఆ సాయంత్రమే నన్ను ఆపి, ధనకొండకి ఎందుకు నేర్పుతున్నానో అడిగింది. ఇద్దరు చూసుకుంటే మంచిదని చెప్పాను. ఎక్కడికైనా వెళ్ళిపోతున్నానా అని అడిగింది. జవాబు చెబితే మార్కుల ఊసు వస్తుంది. చెప్పకపోతే అవునన్నట్టు అవుతుంది. నేను సముద్రం చూస్తూ నిలబడ్డాను. ఆమె నన్ను చూస్తూ నిలబడింది.

మర్నాడు కమిటీ కూర్చుంది. ఏం తీర్మానించారో ధనకొండ వచ్చి చెప్పింది. నేను వెళ్ళిపోయే ఆలోచనలో ఉన్నానని అనుమానం కాబట్టి, ఈసారి జాగ్రత్త కోసం ఊళ్ళో సగం మంది రెండు, సగం మంది ఒకటి నొక్కుతారట.

నేర్పకపోయినా పోతాను, నేర్పితే ఇంకా తొందరగా పోతాను. సోపానానికి చెబితే ఒత్తిడి నిర్వహణ కోర్సు ఇచ్చింది.

నమోదు 22 — సెప్టెంబరు 27

ధనకొండకీ నాకూ మొదటి పోట్లాట. పొరలు అలిగినప్పుడు నేను దీపాలు పెడతాను, పుస్తకంలో అట్లాగే ఉంది. ఆమె చట్రాలకి పడవ కప్పీలు బిగించి, వాటి తాళ్ళని నీటి అడుగున పాతిన గుంజలకి కట్టింది. పోటుకి చట్రాలు పైకి లేస్తాయి, ఆటుకి దిగుతాయి. మడచెట్టుకి అలవాటైన ఊపు అదేనట. ఇంత ఖరీదైన పొరల్ని ఉయ్యాల ఊపుతావా అని నేను గట్టిగానే కేకలేశాను. ఆమె కప్పీలు విప్పలేదు.

మూడో రోజుకి ఆ వరస నీళ్ళు మిగతావాటి కంటే తియ్యగా ఉన్నాయి. నాలుక అబద్ధం చెప్పదు కాబట్టి నేనూ చెప్పలేకపోయాను. అరవై నాలుగింటికీ కప్పీలు బిగించమన్నాను. సంరక్షణ పుస్తకం మొత్తం ఆమె చేతికిచ్చి, ఏ పేజీలో ఏం మార్చాలో గుర్తు పెట్టమన్నాను. ఆ పుస్తకం చివర సిబ్బంది నియమావళి కూడా కుట్టి ఉంటుందని నాకు అప్పుడు గుర్తులేదు. గుర్తుంటే ఆ పేజీలు చింపి ఇచ్చేదాన్నా అంటే చెప్పలేను.

నమోదు 25 — అక్టోబరు 16, కాకినాడ

ఆఖరి ఏడాదివాళ్ళకి ఆరోగ్య పరీక్ష తప్పనిసరి అని సోపానం నన్ను రెండు రోజులకి ఒడ్డుకి తోలింది. వచ్చిన మర్నాడే తుఫాను లేచింది. పడవలు కట్టేశారు.

నిన్న రేడియోలో ధనకొండ మాట్లాడింది. పద్నాలుగు చట్రాల మీద జిగట కనిపించిందట. జిగట తెగులు పొరలకి వచ్చే జబ్బుల్లో చెడ్డది. లూసియా తర్వాత వచ్చినాయన పోగొట్టింది ఆ తెగులుకే. ఉప్పు తగ్గించి కడగమని, దీపాలు పెట్టమని, ప్రతి గంటకీ నాకు చెప్పమని చెప్పాను. ఆమె ఊఁ అంది. ఈ ఉదయం నుంచి రేడియో పలకడం లేదు.

ఆస్పత్రివాళ్ళు నా గుండె చప్పుడు విని, పరిగెత్తుకుంటూ వచ్చావా అని అడిగారు.

నమోదు 26 — అక్టోబరు 21

ఈ పొద్దున మొదటి పడవకి వచ్చాను. ఎప్పుడు ఒడ్డు నుంచి వచ్చినా రేవు చెక్కల మీద పదిమందైనా నిలబడి ఉండేవాళ్ళు. ఈసారి ఒక్కరూ లేరు. ఎవరికి ఏమైందోనని సామాను పడవలోనే వదిలి పరిగెత్తాను.

మొదటి కుళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెలతో వరసలో ఉన్నారు. నీళ్ళు సన్నగా వస్తున్నాయి, కానీ వస్తున్నాయి. నన్ను చూసి పలకరించి మళ్ళీ తమ కబుర్లలో పడ్డారు.

మడగదిలో పందొమ్మిది చట్రాలు ఖాళీగా వేలాడుతున్నాయి. ధనకొండ నిద్ర లేక ఎర్రబడిన కళ్ళతో నలభై ఐదో చట్రం తుడుస్తోంది. తుడుస్తూనే చెప్పింది. నేను చెప్పినట్టే కడిగిందట. ఒక్క పూటలో జిగట పద్నాలుగు నుంచి పందొమ్మిదికి పాకింది. ఇక కడగడం ఆపి, పందొమ్మిదింటినీ కోసి సముద్రంలో పారేసింది. కుళాయిల సమయం సగం చేసింది. ఇంటికి ఎన్ని బిందెలో సింహాద్రమ్మ చేత చెప్పించింది. నీళ్ళు ఒక్క పూట కూడా ఆగలేదు.

ఒక్కో పొరా నా చేతుల్లో మూడేళ్ళు పెరిగింది. నేనే ఉంటే ఒక్కటి కూడా కోసేదాన్ని కాదు. కడుగుతూ, బుజ్జగిస్తూ, అరవై నాలుగూ పోయేదాకా కూర్చునేదాన్ని. ఆ సంగతి నాకు తెలుసు.

"తప్పు సేసేనాండి?" అంది ధనకొండ.

నేను మిగిలిన నలభై ఐదు చట్రాల నీళ్ళూ ఒక్కొక్కటీ నోట్లో పోసుకుని చూశాను. గంట పట్టింది. ఆమె అంతసేపూ నిలబడే ఉంది.

"బాగుండాయి. నువ్వు పోయి పండుకో. ఇంక నేను చూస్తా" అన్నాను.

ఆమె వెళ్ళాక తలుపు దగ్గరికి వేసుకుని కాసేపు కూర్చున్నాను. రేవులో నా కోసం ఎవరూ నిలబడకపోవడం కొంచెం కష్టంగా ఉంది. ఇంత తేలికగా ఊపిరి తీసుకుని కూడా చాలా ఏళ్ళయింది.

నమోదు 29 — నవంబరు 4

సింహాద్రమ్మ పెద్దమ్మ మడగదికి ఎప్పుడూ రాదు. ఈ రోజు మధ్యాహ్నం వచ్చి, బోర్లించిన తొట్టి మీద కూర్చుంది. ధనకొండ నిన్న కమిటీలో పుస్తకం చివరి పేజీలు చదివి వినిపించిందట.

"పన్నెండేళ్ళయితే పంపించేత్తారంట. నిజవేనాండీ?"

చెవిలో సోపానం హెచ్చరికగా చిన్న గంట కొట్టింది. నేను చట్రం తుడుస్తూ, "ఈ పొద్దు నీళ్ళల్ల ఉప్పు బాగా తక్కువుంది పెద్దమ్మా" అన్నాను.

"మాటాడకూడదా?"

"నలభై ఐదు చట్రాలూ బాగుండాయి."

ఆమెకి అర్థమైంది. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని చట్రాలు పోటుకి పైకి లేవడం చూస్తూ కూర్చుంది.

"నా తోడికోడలు పోయిన్నాడు ఒట్టేసుకున్నానండి, మళ్ళీ ఎవర్నీ ఎల్లనివ్వనని. మీ కాళ్ళు ఇరగ్గొట్టి కూసోబెట్టేనన్నమాట" అంది. నేను తుడిచిన చట్రాన్నే మళ్ళీ తుడిచాను.

ఆమె లేచి చీర దులుపుకుంది. తలుపు దాకా వెళ్ళి ఆగింది.

"ఒక్కటి అడుగుతాను. ఇది మార్కుల ఊసు కాదు. ధనకొండ సెయ్యగలదాండీ?"

"నాకంటే బాగా చేస్తాది" అన్నాను.

"నియమోల్లంఘనము లేదు" అంది సోపానం, ఎవరూ అడక్కుండానే.

నమోదు 31 — నవంబరు 18

నాలుగు పాయింటు రెండు.

సోపానం మూడు రోజుల పాటు ఆ అంకె చదవలేదు. "గణనయందు దోషమున్నదేమో పరిశీలించుచున్నాను" అంటూనే గడిపింది. నైరోబీ నుంచి విచారణ కూడా వచ్చింది. పదకొండేళ్ళు రెండు వేసిన ఊరు ఒక్కసారి ఇంత ఎత్తుకి ఎక్కిందంటే నేనేమైనా చెప్పి వేయించానా అని. అకిన్యి నేరుగా సింహాద్రమ్మతో మాట్లాడింది. సోపానం మధ్యలో ఉండి తెలుగు చేసింది. సింహాద్రమ్మ దాని గ్రాంథికానికి జంకలేదు. పదకొండేళ్ళు మేము తప్పు నొక్కాం, ఈసారి సరిగా నొక్కాం, రాసుకోండి అని చెప్పింది. ఎందుకు తప్పు నొక్కారని అడిగితే, అప్పట్లో మాకు తెలివి లేదంది. విచారణ అంతటితో ముగిసింది.

అలవాటు తప్పక రెండే నొక్కినవాళ్ళు చాలామంది ఉన్నారు. ముసలివాళ్ళు ఇద్దరు వచ్చి క్షమించమని అడిగారు. వేలు దానంతటదే అక్కడికి పోయిందట.

నమోదు 33 — జనవరి 9

నాలుగో శ్రేణి వాళ్ళకి రెండు దారులున్నాయి. ఒకటి నైరోబీలో కిటికీ ఉన్న గది. రెండోది అకిన్యి కొత్తగా పెట్టించిన పని: నీళ్ళ పని మొదలయ్యే కొత్త ఊళ్ళకి వెళ్ళి, రెండేళ్ళలో అక్కడివాళ్ళకే అప్పజెప్పి రావడం. నేను రెండోది తీసుకున్నాను. సోపానానికి నచ్చలేదు. అది పైకెక్కుట కాదు, పక్కకు జరుగుట అంది. కిటికీ గురించి రెండు రోజులు ఆలోచించిన మాట నిజమే. దాని బయట ఏం కనిపిస్తుందో ఎవరూ చెప్పలేదు.

తేలుదిబ్బ ఉద్యోగం ధనకొండకి వచ్చింది, మొదటి శ్రేణిలో. ఆమె చెవిలోనూ సోపానం పెట్టారు. పొద్దున నుంచి దానికి మామూలు తెలుగు నేర్పే పనిలో ఉంది. "శుభోదయము కాదు, ఏవండీ బాగున్నారా అనాలి" అని మూడుసార్లు చెప్పడం విన్నాను.

ఆమె రేవుకి రాలేదు, చట్రాలు కడిగే వేళ. నేనే మడగదికి వెళ్ళి చెప్పి వచ్చాను. ఆమె చేతులు తడిగా ఉన్నాయి, అట్లాగే నా చేతులు పట్టుకుంది. ఏదో అనబోయి, ఇరవయ్యో చట్రం నీళ్ళు ఒకసారి చూసి చెప్పమంది. చూశాను. బాగున్నాయి. అది ఆమెకీ తెలుసు.

సింహాద్రమ్మ పడవ దాకా వచ్చింది. పడవ తాడు విప్పుతుంటే నా చెవి దగ్గరికి వంగింది.

"నేను మాత్రం రెండే నొక్కేనండి. మనసొప్పలేదు" అంది.

ఇప్పుడు మార్కుల ఊసు ఎత్తినా నన్ను ఎవరూ ఏమీ చెయ్యలేరు. అయినా ఆమెని పట్టుకుని చాలాసేపు వదల్లేదు. పడవవాడు దగ్గాడు.

నమోదు 34 — మార్చి 2

శ్రేణి మారినవాళ్ళు దినచర్య రాయనక్కర్లేదట. అలవాటైపోయింది, రాస్తున్నాను.

మొజాంబిక్ తీరం. బైరా రేవు నుంచి నాలుగు గంటల పడవ ప్రయాణం. కర్రల మీద నిలబడ్డ డెబ్భై ఇళ్ళు. ఇక్కడి బురద వాసన వేరు, ఉప్పు కూడా కొంచెం ఘాటు. నా భాష వీళ్ళకి రాదు, వీళ్ళ భాష నాకు రాదు. సోపానం రెండు వైపులా గ్రాంథికంగా కష్టపడుతోంది.

ఈ పొద్దున ఊరంతా వచ్చి చెక్కల మీద కూర్చున్నారు. ముందు వరసలో ఒక పెద్దాయన లేచి, ఎన్నేళ్ళుంటావని అడిగాడు. రెండేళ్ళన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. నీళ్ళు తెచ్చినవాళ్ళెవరూ ఎక్కువ కాలం ఉండరని పక్కావిడతో అన్నట్టుంది. పక్కావిడ తల ఊపలేదు. ఆమె పేరు జసింతా అట, పడవ తెడ్లు చెక్కుతుంది. ఆమె చూపు నా మీద లేదు, నా వెనక ఉన్న కొత్త మడగది మీద ఉంది.

ఎవరికి నేర్చుకోవాలని ఉందో చెప్పమని అడగబోయాను. ఆ మాట కోసం ఓడలో మూడు రోజులు సాధన చేశాను, నాయకత్వ శ్వాసతో సహా. నేను గాలి పీల్చి, వదలడానికి అంకెలు లెక్కపెడుతూ ఉండగానే జసింతా లేచి, నా చేతిలో తాళంచెవి తీసుకుని, తలుపు తీసి లోపలికి వెళ్ళిపోయింది.

నేను ఆమె వెనకాల వెళ్ళాను.